చీమలు పాకని కాలు

నాలుగో తరగతిల పంతులు నా తలకాయ మొద్దుబారిందని బడి మాన్పించిండు. ఎన్నో ఏండ్లకు కాలు మొద్దుబారినప్పుడు, రోగం మెల్లగ కిందికి దిగుతుందనుకున్న.

చొప్పదండిల మాది గుంట మగ్గం. పొద్దంత కాళ్లు గుంటల దించి తొక్కుడే. తిమ్మిరెక్కుడు మాకు ఆకలైనట్టే. లేచి కాలు నేలకేసి తన్నితే చీమలు పాకినట్టయి సర్దుకుంటది.

ఆనాడు పగటిపూట కుడికాలు కొరడాతోని కొట్టినట్టు ఒక్కసారి గుంజింది. పైకెక్కి తన్నిన. చీమలు రాలే.

పక్క మగ్గం మీద అన్న నవ్విండు. "పని ఎగ్గొట్టెతందుకు గియ్యాల కాలు దొరికిందారా?"

"నిన్న నడుమాయె, మొన్న తలకాయాయె. దాని వంతు రావద్దా అన్నా?" అంటి నేను. నవ్వులాటకు అంటి గని నొప్పి ఆగుతలేదు.

అందరం తిమ్మిరే అనుకున్నం. అవ్వ ఇసుక వేయించి, మూట కట్టి, పిక్కకు కాపడం పెట్టింది. నూలు కండెలు చుట్టుతున్న నా పెండ్లాం వచ్చి మూట ముట్టి, చెయ్యి గుంజుకుంది.

"అత్తా, గిది కాలుతుంది. ఏమయ్యా, నీకు సురుకు తెలుస్తలేదా?"

"లేదు."

మూట పడేసి నా రెండు పాదాలు పట్టుకుంది. ఎడమది వెచ్చగ, కుడిది కుండల నీళ్లోలె సల్లగ. గంజి పెట్టిన నూలోలె తెల్లగ పాలిపోయింది. వేళ్లు కదిలించుమంది. కదిలించిననే అనుకున్న. చూస్తే కదల్లే.

నా పెండ్లాం, అన్న నన్ను కరీంనగర్ బస్సెక్కిచ్చి తోడొచ్చిండ్రు. బస్సుల అన్న నా కాలు ఒళ్లె పెట్టుకున్నడు. ఇప్పుడు నవ్వుతలేడు. ఒంటికాలోడు గుంటల కూసొని ఏం తొక్కుతడు, ఏం తింటడు? దారిపొడుగున నాకదే ఫికర్.

దవాఖానల డాక్టర్ నా గజ్జల, మోకాలి ఎనుక, పాదం మీద వేళ్లు పెట్టి నాడి వెతికిండు. ఎడమకాలుకు దొరికింది. కుడికాలుకు దొరకలే. గుండెకు గొట్టం పెట్టి చానాసేపు విన్నడు.

"గుండెల నెత్తురు గడ్డకట్టి, కొట్టుకొచ్చి కాలి నాళంల ఇరికింది. గిసొంటి కాలుకు కాపడం పెట్టద్దు, పిసకద్దు, ఎంబడే తీసుకరావాలె. గడ్డ తీస్త. అయినా నెత్తురు పారకుంటే మోకాలి మీదికెల్లి కాలు తీసెయ్యాలె."

నవ్వులాటకు ఒక్క మాట వెతుక్కున్న. దొరకలే.

గజ్జల మత్తుసూది ఇచ్చి కోసి, గడ్డ తీసిండ్రు. మళ్ల గడ్డకట్టకుండ సూదులిచ్చిండ్రు. నా పెండ్లాం పాదం మీద అరచెయ్యి పెట్టి తియ్యలే. డాక్టర్ వచ్చి "ఎట్లుంది?" అంటే తల అడ్డంగ ఊపింది. ఆయన మళ్లొచ్చేసరికి నాకు పాదం నిప్పుల మీద పెట్టినట్టు మంట లేచింది. నేను మొత్తుకుంటుంటే ఆమె ఏడ్చుకుంటనే నవ్వింది.

"ఎచ్చగైతుంది సారూ."

ఇంటికొచ్చినంక ఒకనాడు అడిగిన. "కాలు తీసేస్తే నన్ను ఇడిసి మీ అవ్వగారింటికి పోయెటిదానివా?"

కండె చుట్టుడు ఆపకుంటనే అన్నది. "రెండు కాళ్లున్నప్పుడే సగం పని చేసినవు. ఒకటి పోతే నాకేం తేడా తెలుస్తది?"