కలలోనూ దాహమేస్తుంది

నా చిన్నప్పుడు కొన్నాళ్లపాటు ఒక వింత భయం నన్ను పట్టుకుంది. ఈ లోకం నిజం కాదేమో, నా చుట్టూ తిరిగే మనుషుల లోపల అసలు ఎవరూ లేరేమో అని. అప్పుడు నేను మూడో తరగతి చదువుతున్నాను. జ్వరం వస్తే అమ్మకు చెప్పుకోవచ్చు, చీకట్లో ఏదో కనిపిస్తే నాన్నకు చెప్పుకోవచ్చు. ఈ భయాన్ని ఎవరికి చెప్పాలి? చెప్పబోతే ఆ ఎదుటి మనిషే ఉన్నదో లేదో తెలియదాయె. ఆ భయంలోంచి నన్ను చేయి పట్టుకుని బయటికి తెచ్చింది మా పెద్దమ్మ. అదీ తన బతుకులోకెల్లా గడ్డురోజున.

మేముండేది కోలారు బంగారు గనుల్లో, పనివాళ్ల కోసం వరసగా కట్టిన లైన్ ఇళ్లలో. చిత్తూరు వైపు పల్లెల్లో వానలు లేక, గని పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు మావి. పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒకటే గోడ. మేం పోపు వేస్తే వాళ్లు తుమ్మేవాళ్లు. నాన్న పైన వర్క్‌షాపులో పనిచేసేవాడు. పెద్దనాన్న మాత్రం లోపలికి దిగేవాడు. తవ్విన చోట కప్పు కూలిపోకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని.

గని అడుగున ఎక్కడో బండ పేలితే పైన మా ఇళ్లు అదిరేవి. గూట్లో గిన్నెలు గలగలమనేవి. ఆడవాళ్లు చేతిలో పని ఆపి, సైరన్ మోగుతుందేమోనని చెవులు రిక్కించేవాళ్లు. మోగకపోతే ఒక నిట్టూర్పు విడిచి మళ్లీ పిండి పిసుక్కునేవాళ్లు. పిల్లలం మాకది ఉరుము లాంటిదే. దానికి భయపడాలని కూడా మాకు తెలియదు.

ఆ యేడు శ్రీరామనవమి పందిట్లో హరికథ పెట్టించారు. ముళబాగిలు వైపు నుంచి వచ్చిన హరిదాసుగారు బాగా చెప్పేవారు. కథ మధ్యలో చిడతలు ఆపి, గొంతు తగ్గించి, ఈ జగత్తంతా పాలసముద్రంలో పడుకున్న స్వామి కంటున్న కల అన్నారు. మనం, మన ఇళ్లు, మన ఏడుపులు, నవ్వులు అన్నీ ఆ నిద్రలోవేనట. స్వామి కళ్లు తెరిస్తే ఏదీ ఉండదట. పెద్దవాళ్లు భక్తిగా చేతులు జోడించారు. నాకు మాత్రం ఆ రాత్రి కళ్లు మూయాలంటే భయమేసింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం భూమి అదిరింది. స్వామి నిద్రలో పక్కకు ఒత్తిగిలాడనుకున్నాను. ఇంక లేచే వేళయిందనుకున్నాను.

ఆపైన నా ఆలోచన ఇంకా లోపలికి పోయింది. నాకూ కలలొస్తాయి. వాటిల్లో స్నేహితురాళ్లు, టీచరమ్మ, చనిపోయిన మా అవ్వ కూడా వస్తారు. మాట్లాడతారు, నవ్వుతారు. పొద్దున లేస్తే వాళ్లు ఎక్కడికి పోతారు? ఎక్కడికీ పోరు. వాళ్ల లోపల ఎవరూ లేరు కనుక. మాట్లాడించింది నేనే. మరి స్వామి కలలో మా అమ్మ కూడా అట్లాంటిదేనా? నన్ను దగ్గరికి తీసుకుని తల దువ్వుతుంటే, ఆ చేతుల వెనుక ఎవరన్నా ఉన్నారా? అమ్మ మొహంలోకి అదేపనిగా చూసేదాన్ని. 'ఏమట్ల చూస్తుండావు?' అనేది అమ్మ. కలలో మనుషులు కూడా అట్లాగే అడుగుతారు కదా అనుకునేదాన్ని. అన్నం సయించలేదు. ఆటలకు పోలేదు. దిష్టి తగిలిందని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు.

అలా ఉండగా ఒకరోజు పొద్దున, నేను బడికి తయారవుతుంటే, అంతకుముందెన్నడూ లేనంత గట్టిగా భూమి ఊగింది. గూట్లో గిన్నెలన్నీ కింద పడ్డాయి. గోడ మీద మట్టి రాలింది. ఈసారి సైరన్ మోగింది. ఆగకుండా మోగింది.

అమ్మకు అప్పుడు మా తమ్ముడు పురిటి బిడ్డ. కదలడానికి లేదు. పెద్దమ్మ తలుపు కూడా మూయకుండా, ఒక చేత్తో నీళ్ల బిందె, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని, గనిలోకి దిగే షాఫ్ట్ వైపు పరుగు తీసింది. అంత గాబరాలో ఆమెకు నీళ్లు ఎట్లా గుర్తొచ్చాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. గేటు బయట అప్పటికే ఆడవాళ్లు గుంపుగా చేరారు. తెలుగువాళ్లు, తమిళులు, కన్నడం మాట్లాడేవాళ్లు అందరూ నేల మీద కూలబడి, షాఫ్ట్ మీద తిరిగే పెద్ద చక్రం వంకే చూస్తున్నారు. అది తిరిగితే కేజ్ పైకి వస్తున్నట్టు. ఆ కేజ్‌లోనే మనుషులు పైకీ కిందికీ వెళ్లేది. చక్రం కదలడం లేదు.

ఎండ ఎక్కింది. పెద్దమ్మ కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆమె తుడుచుకోవడం లేదు. నాకు ఆమెను చూస్తే జాలేసింది. నాకు తెలిసిన రహస్యం చెబితే ఆమెకు ఊరటగా ఉంటుందనిపించింది. నిజంగా ఊరట కోసమే చెప్పాను.

"పెద్దమ్మా, ఏడ్వొద్దు. ఇదంతా నిజం గాదు. కలంట. పెద్దనాన్న కూడా కల్లోనే ఉండాడు. స్వామి లేస్తే ఏమీ ఉండదంట."

పక్కనున్న ఒక ముసలామె నోటికొచ్చినట్టు తిట్టి నా మీదికి చెయ్యెత్తింది. పెద్దమ్మ ఆ చేతిని గాల్లోనే పట్టుకుంది. నా వంక చూసింది. ఇన్నాళ్లూ నేను ఎందుకు తినలేదో, ఎందుకు ఆడలేదో ఆ చూపులోనే ఆమెకు అర్థమైపోయిందనుకుంటాను. కోప్పడలేదు. అట్లాంటి మాటలు అనకూడదనీ చెప్పలేదు. అంత దుఃఖంలో ఉన్న మనిషి, ఒక చిన్నపిల్ల ప్రశ్నను పక్కకు నెట్టకుండా నిజమైన ప్రశ్నగా చేతిలోకి తీసుకుంది. అందుకే ఆమెను తలుచుకున్నప్పుడల్లా నా తల దానంతటదే వంగుతుంది.

"కలే అనుకుందాం లేమ్మా," అంది. "కల్లో నీకెప్పుడన్నా దప్పికైందా?"

"అయింది."

"అయింది ఎవురికి?"

"నాకే."

"కల అబద్ధం. దప్పిక అబద్ధమా?"

నేను ఆలోచించాను. కలలో బావి అబద్ధం, చేద అబద్ధం. కానీ గొంతెండిపోవడం నాకు తెలిసింది. తెలియడమన్నది అబద్ధం ఎట్లా అవుతుంది? కాదు అన్నట్టు తల ఊపాను.

పెద్దమ్మ మాకు కొంచెం దూరంలో కూర్చున్న ఒక తమిళావిడను చూపించింది. ఆవిడ భర్త, మా పెద్దనాన్న ఒకే జట్టులో పనిచేసేవాళ్లు. ఆవిడ ఏడ్వడం లేదు, మాట్లాడడం లేదు, బొమ్మలా కూర్చుంది. పెదాలు ఎండి చీలి ఉన్నాయి.

"ఆయమ్మ లోపల ఎవురన్నా ఉండారా లేదా నాకు తెల్దు. నీకూ తెల్దు. ఇంగ ఒకరి లోపలికి ఇంకొకరు పోయి చూసొచ్చిందీ లేదు. నోరు మాత్రం ఎండిపోయుండాది. పోయి నీళ్లియ్యి."

చెంబులో నీళ్లు ముంచుకుని వెళ్లాను. ఆవిడ ముందు నన్ను చూడలేదు. చెంబు చేతికి తగిలించాను. తీసుకుంది. కొన్ని నీళ్లు చీర మీద ఒలికాయి. పెదాల దాకా తీసుకెళ్లి, తాగబోతూ ఆగింది. ఎండకు కమిలిన నా మొహం చూసి, "నీ కుడిచ్చియామ్మా?" అంది. నువ్వు తాగావా తల్లీ అని.

నేను అట్లాగే నిలబడిపోయాను. నా కలల్లోకి ఎంతోమంది వచ్చారు. నేను అనుకున్నవే వాళ్లు మాట్లాడారు. నాకు కూడా దాహమవుతుందని నాకే గుర్తు లేనప్పుడు, నా కలలో మనిషి ఎవరూ దాన్ని గుర్తు చేయలేదు. ఈ మాట నాలోంచి పుట్టింది కాదు. వేరే ఎక్కడి నుంచో, మొగుడు భూమి కింద ఇరుక్కుపోయి గుండె రాయైపోయిన ఒక మనిషి లోపలి నుంచి వచ్చింది. అక్కడ ఎవరో ఉన్నారు. ఎన్నో రోజులుగా నన్ను బిగించిన ముడి ఒక్కసారి వదిలినట్టయి, ఆవిడ ఒళ్లో తల పెట్టి ఏడ్చేశాను. అప్పుడు ఆవిడ కూడా ఏడ్చింది.

పొద్దు వాలే వేళకు చక్రం తిరిగింది. మొదటి కేజ్‌లోనే పెద్దనాన్న వచ్చాడు. స్ట్రెచర్ మీద, ఒళ్లంతా దుమ్ము, ఒక కాలు నుజ్జయి. కానీ కళ్లు తెరిచి ఉన్నాయి. పెద్దమ్మ పరుగెత్తుకెళ్లి ఆయన మొహాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఆయన ఏదో చెప్పాడు, ఆమె చెవి దగ్గర పెట్టి వింది. విన్నాక ఆమె మొహంలో సంతోషం నిలవలేదు. వర్క్‌షాపు నుంచి వచ్చిన నాన్నను పిలిచి, "నువ్వు ఆస్పత్రికి పో మరిదీ, నేనిక్కడ ఉంటాను," అంది. పెద్దనాన్నను ఎక్కించిన బండి వెళ్లిపోతుంటే ఒక్కసారి చూసి, తిరిగి వచ్చి ఆ తమిళావిడ పక్కన కూర్చుంది. ఆమె చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. ఆ తర్వాతి కేజ్‌లో ఆవిడ భర్తను తెచ్చారు. ఆయన మీద గుడ్డ కప్పి ఉంది.

ఆవిడ పెట్టిన కేక గురించి నేను రాయలేను. ఇంటికి నడిచి వస్తుంటే పెద్దమ్మను ఒకటే అడిగాను, కలైతే ఎంత బాగుండేదో కదా అని. ఆమె బిందెను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది. ఆ తర్వాత అంది:

"కలైతే ఆయమ్మను ఎవురన్నా తట్టి లేపాల. లేపేవాళ్లు యాడుండారమ్మా? లేపలేనప్పుడు పక్కన కూసోవాల. మన చేతిలో ఉండేది అదే."

పెద్దనాన్న ఆస్పత్రిలో చాలా రోజులున్నాడు. కాలు పోయింది. గని లోపలి చీకటి గురించి ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఒకసారి మాత్రం చెప్పాడు. దీపం పోయాక, కళ్లు తెరిచినా మూసినా ఒకటేనట. కొంతసేపటికి తాను బతికి ఉన్నాడో చచ్చిపోయాడో, ఇదంతా కలగంటున్నాడో కూడా తెలియలేదట. బండల అవతలి నుంచి ఆ తమిళాయన 'అన్నా, అన్నా' అని పిలుస్తూ ఉన్నాడట. "ఆయప్ప పిలస్తా ఉన్నంతసేపు నేనుండాననుకున్నాను. పిలుపు ఆగిపోయినాక నా పేరు నేనే గట్టిగా చెప్పుకుంటా ఉన్నాను," అన్నాడు. చంకలో కర్రలు పెట్టుకుని నడవడం రాగానే ఆయన మొట్టమొదట పోయింది ఆ ఇంటికే. తన భర్త పిలుపే ఇంకొక ప్రాణాన్ని నిలబెట్టిందని ఆవిడకు ఆయన నోటితోనే తెలియాలని పెద్దమ్మ పట్టుబట్టింది. ఆ రెండు కుటుంబాల మధ్య రాకపోకలు గనులు మూతపడ్డాక కూడా ఆగలేదు.

ఇప్పుడు మా మనవడు రోజూ రైల్లో బెంగళూరు పోయి కంప్యూటర్ ఉద్యోగం చేసి వస్తాడు. మొన్న ఒక ఆదివారం సంగటి తింటూ, "అవ్వా, ఈ లోకమంతా ఎవురో పెద్ద కంప్యూటర్లో ఆడిస్తా ఉండే ఆటేమో, మనకు తెలీకుండా మనం అందులో ఉండామేమో," అన్నాడు. పెద్దపెద్ద చదువులు చదివినవాళ్లే దీని మీద వాదించుకుంటున్నారట. మనలో కొందరి లోపల ఎవరూ లేకపోవచ్చట కూడా. నేను నవ్వలేదు. వాడి కళ్లలో నాకు ఆ పాత భయం కనిపించింది. పాలసముద్రం పోయి కంప్యూటర్ వచ్చింది, భయం మారలేదు. వాడికి ఈ కథంతా చెప్పాను. "అయితే నిజమా, కలా?" అని అడిగాడు. తెలియదన్నాను. పెద్దమ్మకూ తెలియదు. తెలియదని ఒప్పుకుని కూడా ఏం చెయ్యాలో తడబడకుండా ఉండగలగడం ఆమె గొప్పతనం. ఇన్నేళ్లలో అంత తేటగా ఆలోచించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

పెద్దమ్మ చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉంది. పక్షవాతం వచ్చి మాట పోయింది. తర్వాత చూపు కూడా ఎక్కడా నిలిచేది కాదు. పిలిస్తే పలకదు, చెయ్యి పట్టుకుంటే పట్టదు. చూడ్డానికి వచ్చినవాళ్లు, "ఇంగ ఆయమ్మ లోపల లేదు, ఎవురితో మాట్లాడుతుండావు నువ్వు?" అనేవాళ్లు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. తల దువ్వేటప్పుడు, పక్క మార్చేటప్పుడు ముందుగా చెప్పి చేసేదాన్ని. శ్రీనివాసపురం మామిడికాయలు వచ్చాయని చెప్పాను. ఆ తమిళావిడ మనవరాలికి ఆడపిల్ల పుట్టిందని చెప్పాను. ఆమె విన్నదో లేదో నాకు తెలియదు. విన్నట్టు ఒక చిన్న గుర్తు కూడా నాకు చివరిదాకా దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ దొరకలేదని నేను ఒక్క పూటైనా లేచి వెళ్లలేదు. ఎదుటి మనిషి లోపల ఎవరన్నా ఉన్నారా అని తెలియనప్పుడు, ఉన్నారనే అనుకుని పక్కన కూర్చోవడం నాకు ఆమె నేర్పింది. ఆమె దగ్గర కూడా నేను అదే చేశాను.