కానుకల సంచిలో మాత్రలు

ఆ ఆదివారం చర్చిలో మా తమ్ముడు సాక్ష్యం చెబుతానని లేచి నిలబడ్డాడు. మార్కాపురం డాక్టరు రాసిన మాత్రలతో చెవిలో మాటలు వినిపించడం ఆగి, మనిషి అప్పటికి కుదుటపడ్డాడు. "దేవుడు నన్ను బాగుచేసినాడు. ఇంక ఇవి నాకొద్దు" అంటూ జేబులోంచి మాత్రల అట్ట తీసి కానుకల సంచిలో వేశాడు. చర్చంతా స్తోత్రం స్తోత్రం అని ఒకటే చప్పట్లు. షుగరు మాత్ర ఒక్క పూటా మానని పెద్దమనుషులు కూడా కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

బయటికొచ్చాక నిలదీస్తే అసలు సంగతి చెప్పాడు. "అవి ఏసుకుంటే చేతులు వణుకుతాయక్కా. డోలక్ కొట్టలేకపోతున్నా."

చర్చిలో డోలక్ వాడిదే. పాట ఎత్తుకుంటే వాడి ముఖమే మారిపోయేది. బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను. వినలేదు.

ఎండలు ముదిరేసరికి చెవిలో ఆ మాటలు మళ్ళీ వచ్చాయి. మా పుల్లలచెరువు వైపు ఊళ్ళకు ఎండాకాలం ట్యాంకరు నీళ్ళే దిక్కు. ఒకరోజు ఆ నీళ్ళలో విషం కలిపారని అరుస్తూ, బిందె పట్టబోయిన పెద్దమ్మను తోసేశాడు. అమ్మ పోయాక మమ్మల్ని సాకింది ఆమే. బండ మీద పడి మణికట్టు విరిగింది. స్తోత్రం చెప్పిన నోళ్ళే వాణ్ణి కట్టేయమన్నాయి.

మళ్ళీ మార్కాపురం, మళ్ళీ అవే మాత్రలు. తేరుకున్నాక పెద్దమ్మ ఇంటికి తీసుకుపోయాను. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆమే ముందు మాట్లాడింది.

"నువ్వు తోయలేదులే నాయనా. నీ జబ్బు తోసింది."

హమ్మయ్య అనుకున్నాను. వాడు తల ఎత్తలేదు.

"తోసింది జబ్బే పెద్దమ్మా. మాత్రలు సంచిలో ఏసినోణ్ణి నేను. ఆ పొద్దు నాకు మతి బాగానే ఉండింది."

 

ఇంటికొచ్చి, "రేపట్నుంచి మాత్ర నేనే నీ నోట్లో ఏస్తా" అన్నాను.

"వద్దక్కా. నా చేత్తో నేనే మింగాల. లేకుంటే ఈసారి తప్పు నీ మీద పడతాది."

ఇప్పుడు డోలక్ వేరేవాళ్ళు కొడుతున్నారు. వాడు మగవాళ్ళ వైపు చివర కూర్చుంటాడు. పాట మొదలైతే వాడి వేళ్ళు తొడ మీద తాళం వేయబోయి వణుకుతాయి. కానుకల సంచి వాడి దగ్గరికి రాగానే చెయ్యి జేబులోకి పోతుంది. పదిరూపాయల నోటు తీస్తాడో, మాత్రల అట్ట తీస్తాడో. ఆడవాళ్ళ వైపు కూర్చుని ఆ చేతినే చూస్తుంటాను. లేచి వెళ్ళి పట్టుకోలేను.