నాలుగిళ్లలోనూ మటనే

ఈ రోజు సిరిసిల్లలో పొద్దున్నే కరెంటు పోయి బట్ట నేసే మా సాంచాలు ఆగిపోయాయి. ఏం తోచక, పక్క కార్ఖానాల శంకరన్న, ఇంకో ఇద్దరితో కలిసి నలుగురం పత్తాలాటకు, అదే పేకాటకు, కూర్చున్నాం. గెలిచినవాడు ఇంటికి మటన్ తీసుకెళ్లడం మాలో ఆనవాయితీ. నేను ఓడిపోయాను. వట్టి చేతులతో వెళ్తే ఇంట్లో ఆ సంగతి తెలిసిపోతుందని కిలో మటన్ కొనుక్కుని మరీ వెళ్లాను.

"గెలిచినవా బాపూ?" అంది నా బిడ్డ.

"మరేమనుకున్నవ్?" అన్నాను మీసం దువ్వుతూ.

కూర పొయ్యి మీద ఉండగానే నా భార్య ఈ గొప్ప చెప్పుకోవడానికి మిగతా ముగ్గురిళ్లకూ ఫోన్ చేసింది. అన్నం వడ్డిస్తూ మెల్లగా అడిగింది.

"ఇయ్యాల నాలుగిండ్లల్ల మటనేనట. అందరు గెలిస్తే మరి ఓడింది ఎవలు?"

ఆ ఒక్క క్షణం నిజం చెప్పేస్తే సరిపోయేది. ఇంతలో బిడ్డ, "గెలిచినోనికే గిది" అంటూ మూలుగ బొక్క నా పళ్లెంలో వేసింది.

"శంకరన్న ఓడిండు" అన్నాను.

నిజానికి ఈ రోజు గెలిచింది శంకరన్న ఒక్కడే.

బొక్క మాత్రం వదల్లేదు, జుర్రుకుని తిన్నాను. సాయంత్రం నుంచి శంకరన్న ఇంటి ముందు నుంచి వెళ్లలేక చుట్టూ తిరిగి వస్తున్నాను. నన్ను తిట్టాలనుకునేవాళ్లు తిట్టండి. కాకపోతే, ముందు మీ ఇంట్లో ఈ రోజు ఏం కూరో చెప్పండి.