దుకాణమా, ఇల్లా?

మొన్న నిజాం సర్కారు చేతులెత్తేసిన దినం మెదక్ బజార్ల అందరు ఏం జేసిండ్రు? మిఠాయిలు పంచుకున్నరు, అలయ్‌బలయ్ తీసుకున్నరు. నేనేం జేసిన్నో ఎరుకనా? నా దుకాణం గోడ నేనే కూలగొట్టుకున్న. నవ్వుతరు గని, జర మొదటికెల్లి ఇనుండ్రి.

నాది ఇనుప సామాను దుకాణం. ముందట దుకాణం, ఎనక ఇల్లు. గడ్డపారలు, నాగలి కర్రులు పెట్ట జాగ సాలక, పోయిన ఎండకాలం ముందటి గోడను బజారు దిక్కు మూడు గజాలు జరిపి కట్టించిన. సున్నమేసి తలుపులు బిగిచ్చినంక కచేరీకెల్లి దరోగా సాబు వచ్చిండు. బజార్ల కట్టడాలు కాయిదా ప్రకారం ఉన్నయా లేవా అని చూసుడే ఆయన పని. మెత్తటి మనిషి.

"రాజయ్యా, ఒట్టి దుకాణమైతే మురికినీళ్ల మోరీ దాకా కట్టుకో, నేనేమన. మనుషులుండే ఇల్లైతే మూడు గజాలు ఎనక్కి జరగాలె. ఇది దుకాణమా, ఇల్లా?"

"ఒట్టి దుకాణమే సాబ్" అన్న నేను. అప్పుడే లోపలికెల్లి పప్పు పోపు వాసన గుప్పుమన్నది.

ఆయన ఒకపారి గట్టిగ పీల్చిండు. "అంగడి దినం వస్త. లోపల గూడ చూస్త" అనుకుంట పోయిండు.

ఇగ అంగడి దినం పొద్దుగాల్నే ఇంటిని మాయం చేసుడు షురువైంది. పొయ్యి రాళ్లు తీసేసినం. మంచాన్ని గోడకు నిలవెట్టి దానికి గొలుసులు ఏలాడదీసినం. వంటింట్ల కూరాడు కుండలల్ల మొలలు పోసినం. మా ఇంటామె నర్సవ్వను పక్కన బట్టల దుకాణం వీరేశం ఇంటికి తోలిచ్చిన. "పొద్దుందాక పెండ్లాం లేదనుకొని సంబురపడు" అని మూతి తిప్పుకుంట పోయింది.

దరోగా సాబు వచ్చి అంతా కలియజూసిండు. మంచం కాడ ఆగిండు.

"ఇదేంది?"

"గొలుసులు తగిలిచ్చేది సాబ్."

"దీనికి మంచం లెక్క నాలుగు కోళ్లు ఎందుకు?"

"మంచి కట్టె సాబ్" అన్న. ఆయన నవ్వాపుకొని, సరే తీయ్ అన్నట్టు తల ఊపబోయిండు. అప్పుడే వాకిట్ల ఎడ్లబండి ఆగింది.

దిగింది మా అత్త. కుల్చారం అవుతల పల్లె ఆమెది. ఎంబడి ఇద్దరు కోడండ్లు, పిల్లలు, ఒక కోళ్ల గంప. అందరి మొకాలు పీక్కపోయినయి.

"రజాకార్లు పక్కూరి మీద పడ్డరంట అల్లుడా. కట్టుబట్టలతోని వచ్చినం" అన్నది. చంకల పిల్ల ఏడుస్తున్నది. లోపలికి రాండ్రి అనబోయిన. కానీ దరోగా సాబు పక్కనే ఉండె గదా.

"వీళ్లెవరు?" అని అడిగిండు.

"గిరాకీలు సాబ్" అన్న. ఆ నోరు నాదే, ఇంకెవరిదీ గాదు.

అత్త నా దిక్కు ఎట్ల చూసిందంటే, ఇప్పటికీ యాదికొస్తే సిగ్గయితది. గబగబ లోపలికి పోయింది. చూస్తే పొయ్యి లేదు, కుండలల్ల మొలలు, బిడ్డ జాడ లేదు. "నా బిడ్డనేం జేసినవ్ రా?" అని బజారంతా ఇనబడేటట్టు శోకం తీసింది. ఆ శోకం ఇని నర్సవ్వ వీరేశం ఇంట్లకెల్లి చేతుల గంటెతోని ఉరికొచ్చింది. తల్లీబిడ్డలు పట్టుకొని ఏడుస్తుంటే, కోడండ్లు గూడ అందుకున్నరు. గంపలకెల్లి కోళ్లు ఎగిరి నా త్రాసు మీద కూసున్నయి.

దరోగా సాబు మంచం వాల్చుకొని దాని మీద కూసున్నడు. గొలుసులు గలగలమన్నయి.

"ముందుగాల పొయ్యి పెట్టుండ్రి. పిల్లలకు ఇంత బువ్వ పెట్టుండ్రి" అన్నడు. తర్వాత నా దిక్కు తిరిగి, "గింతమంది తలదాచుకునేదాన్ని ఇల్లు గాదని ఎట్లంటవ్ రాజయ్యా? నీ చుట్టాలు పోయినంక గోడ తీసెయ్" అన్నడు.

వాండ్లు గడ్డపారల నడుమనే పండుకున్నరు, లేచిండ్రు. గోడ ముచ్చట ఎవ్వరెత్తలే. అట్లుండంగ యూనియన్ ఫౌజు సరిహద్దు దాటిందని కబురొచ్చింది. నాలుగు దినాలైనంక వీరేశం ఉరికొచ్చి, "లారీలు మన బజార్లకెల్లే వస్తయంట. ముందుకొచ్చిన గోడలను గుద్దుకుంట పోతయంట" అన్నడు. వాని గోడ నా గోడకన్న ఒక జానెడు ముందే ఉన్నది. నాకు ఆ సోయి లేదు. అత్తను, పిల్లలను ఎనక అర్రల కూసోవెట్టి, అమ్ముకునే గడ్డపారే తీసుకొని గోడ మీద పడ్డ.

పొద్దూకే యాల్లకు గోడ నేలమట్టమైంది. దుమ్ము దులుపుకుంటుంటే, రేడియో ఉన్న హోటల్ కాడ ఒకటే కేకలు. నిజాం లొంగిపోయిండంట. అత్త కొంగుతోని కండ్లు తుడుసుకొని, "ఇగ ఊరికి పోతం అల్లుడా" అన్నది. ఆ మాట ఇన్నంక నా పానం నిమ్మలమైంది.

అంతల దరోగా సాబు అటు దిక్కే నడుసుకుంట వచ్చిండు. రాళ్ల కుప్పను చూసి ఆగిండు.

"ఏం జేసినవ్ రాజయ్యా?"

"మీరు చెప్పిందే చేసిన సాబ్."

"చెప్పనీకె నేనెవర్ని? పొద్దున లేస్తే నా నౌకరి ఉంటదో పోతదో. ఈ కాయిదా ఉంటదో లేదో. ఒక్క పూట ఆగకపోతివి."

లారీలు ఇంకో తొవ్వల పోయినయి. వీరేశం గోడ సక్కగ నిలబడే ఉన్నది. గిప్పుడు మెదక్ బజార్ల బండ్లన్నీ నా దుకాణం ముందట్నే ఇడుస్తున్నరు, జాగ మస్తుగున్నదని. నిజాం కాయిదాను అక్షరం పొల్లుపోకుండ పాటించినోన్ని నేనొక్కన్నే, అది గూడ నిజాం దిగిపోయిన దినమే.