పాలకూర రంగులు, ఆయమ్మ కట్టేసిన నల్ల

మొన్న పక్కింటి అమ్మాయి తన కెమిస్ట్రీ రికార్డు తెచ్చి ఒకసారి చూసిపెట్టమంది. పాలకూరలోని రంగులు విడదీసే ప్రయోగం బొమ్మను స్కెచ్ పెన్నులతో ముచ్చటగా వేసింది. చేసి చూశావా అమ్మా అంటే, లేదు, ఫోన్లో చూసి వేశానంది. మోకాళ్ల నొప్పులు వచ్చాక ఒకరిని అనే ఓపిక కూడా పోయింది.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో నేను నల్లగొండ జిల్లాలో ఓ మూలనున్న చిన్న డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌ని. రెండు బస్సులు మారి, కొంగుతో దుమ్ము దులుపుకుంటూ ల్యాబులో అడుగుపెట్టేసరికే సగం ప్రాణం పోయేది. బస్సులను నమ్ముకొని నౌకరీ చేసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఏడు చాలినంతమంది చేరకపోతే సైన్సు గ్రూపు ఎత్తేస్తామని పెద్దసారు కరాఖండిగా చెప్పేశారు. గ్రూపు పోతే నా నౌకరీ పోయినట్టే. అందుకని చుట్టుపక్కల ఇంటర్ పిల్లలను పిలిచి, కంటికి ఇంపైన ప్రయోగమొకటి చూపిద్దామనుకున్నాను.

పొద్దున్నే పాలకూర నూరి రసం తీశాను. గాజుగొట్టం అడుగున దూది పెట్టి, సిలికా పొడి నింపి, పైన ఆ పచ్చటి రసమూ ఆపైన ఈథరూ పోసి, కిందున్న నల్ల, అదే కుళాయి, కొంచెం వదిలితే, చుక్క చుక్క దిగుతుండగా ఆ పచ్చదనంలోంచి పసుపు విడిపోయి ముందు నడుస్తుంది, ఆకుపచ్చ వెనకబడుతుంది. ఒక్కటే నియమం, పైన ద్రవం అయిపోయి పొడి ఆరిందా, నెర్రెలు బాసి అంతా పాడవుతుంది. ఏళ్లతరబడి పిల్లలకు ఈ పాఠమే చెప్పినదాన్ని, నల్ల అలా వదిలేసి, చాయ్ తాగుదామని పక్కగదిలో కుర్చీలో కూలబడి నిద్రపోయాను. మళ్లీ మొదటినుంచి చేద్దామంటే సీసాలో సరిపడా ఈథర్ లేదు.

ఉలిక్కిపడి లేచి పరుగెత్తితే, నల్ల కట్టేసి ఉంది. పొడి మీద వేలెడు ద్రవం మిగిలే ఉంది, పసుపు పట్టీ కాస్త వెడల్పయిందంతే. గదులూడ్చి గ్లాసులు కడిగే మా ఆయమ్మ నా వంక కోపంగా చూసింది. మర్రిగూడ దిక్కు మనిషి, మంచినీళ్ల బిందె కోసం పొలాలు దాటి నడిచి పెరిగింది. "సదువుకున్నోళ్లు గిట్ల నల్ల ఇడిసిపెట్టి పోతరా మేడం? అవి నీళ్లో మందో నాకేమెర్క, కారుతాంటే పాణం ఊకోలే" అంది.

గంటకు పిల్లలొచ్చారు. ఒక బీకరులో పసుపు, ఇంకోదానిలో పచ్చ పడుతుంటే అబ్బో అని చప్పట్లు కొట్టారు. గొట్టం ఆరకుండా కనిపెట్టుకొని ఉండడమే ఇందులో అసలు పని అని, నేనే కాచుకున్నట్టు చెప్పాను. ఆయమ్మ గుమ్మం దగ్గర చీపురు పట్టుకొని వింటూనే ఉంది.

ఆ ఏడు గ్రూపు బతికింది. మరో మూడేళ్లు ఈడ్చి, పిల్లలు రాక అదే మూతపడింది. ఇప్పుడు తెరమీద రంగులు ప్రతిసారీ చక్కగా విడిపోతాయి, ఎవరూ దగ్గర కూర్చోనక్కర్లేదు. మంచిదే, ఎవరికి ఓపికలున్నాయి గనుక. ఆయమ్మ పోయిందని ఈమధ్యే తెలిసింది. ఆనాటి పిల్లలు ఒకరిద్దరు ఇప్పటికీ ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఫోన్ చేసి, ఆరోజు మీరెంత జాగ్రత్తగా చేశారు మేడం అంటారు. కాదమ్మా అనకుండానే, సరే బాగుండండి అని పెట్టేస్తాను.