కమాను జారిన చోటు

కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు అరగదీసే పెద్దాయన మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని పక్కనున్న సెల్‌ఫోన్ల కొట్టు బల్ల మీద చేరతాడు. తలొంచుకుని తింటాడు. అక్కడ ఫోన్లు బాగుచేసే ఇద్దరికీ సినిమా పాటల గొడవే గొడవ. ఏ బాణీ ఎక్కణ్ణించి ఎత్తుకొచ్చారో తేల్చనిదే వాళ్ళకు ముద్ద దిగదు. వింటుంటే ఆయన ఎడమచేతి వేళ్ళు డబ్బా మూత మీద వాటంతటవే కదులుతుంటాయి. ఒకప్పుడు ఆయన సినిమా రికార్డింగుల్లో వయొలిన్ వాయించేవాడని వాళ్ళకు తెలియదు. ఒకే ఒక్క సినిమాలో ఓ చిన్న ముక్క ఒక్కడే వాయించాడు. ఆ సినిమా తెర మీద సంగీత దర్శకుడి బావమరిది పేరు కూడా పడింది గానీ ఈయనది పడలేదు.

ఒకరోజు వాళ్ళు ఫోన్లో సరిగ్గా ఆ ముక్కే పెట్టారు.

"ఇది మనిషి వాయించింది కాదురా, కీబోర్డే. పందెం!" అన్నాడు ఇద్దరిలో పొడుగాటివాడు.

పెద్దాయన ముద్ద కలపడం ఆపాడు. "మనిషే, నాయనా. చివర్లో వయొలిన్ కమాను తీగ మీద జారి కీచుమంటుంది, వినండి. మిషనయితే జారదు."

మళ్ళీ పెట్టారు. నిజమే, సన్నగా కీచుమంది.

"అబ్బో, ఏం చెవులు బాబాయ్ నీవి!" అన్నాడు రెండోవాడు.

"అయితే వాయించినవాడెవడో ఉత్త చేతకానివాడన్నమాట!" అని పొడుగాటివాడు పకపకా నవ్వాడు.

పెద్దాయన ముఖం వెలిగింది. ఇన్నేళ్ళకు, అది వాయించినవాడొకడు ఉన్నాడని ఒకళ్ళు ఒప్పుకున్నారు. ఎంగిలిచెయ్యి గాలిలోనే ఉంచి, "ఇంకొక్కసారి పెట్టవూ," అన్నాడు.