ముప్పై గ్రాముల మొహమాటం

1994 అక్టోబరులో దోహాలోని ఒక షూటింగ్ క్లబ్బులో ఆర్మరర్‌గా చేరాను. అంటే తుపాకులు చూసుకునేవాణ్ణి. అంతకుముందు పదిహేనేళ్లు మన సైన్యం వర్క్‌షాపులో అదే పని. క్లబ్బులో నా పైన రేంజ్ ఆఫీసర్, ఆయన పైన కార్యదర్శి. నా కింద ఒక స్క్రూడ్రైవర్ల పెట్టె.

ఎయిర్ పిస్టల్ పోటీలో ట్రిగ్గర్ బరువు అయిదువందల గ్రాములకు తగ్గకూడదు. ట్రిగ్గర్‌కు అంత తూకపు రాయి తగిలించి, గొట్టం నిటారుగా ఉంచి, బల్ల మీంచి ఎత్తుతారు. రాయి గాల్లోకి లేచినా ట్రిగ్గర్ విడిపోకూడదు. నేను ఎప్పుడూ అయిదువందల ముప్పైకి బిగించేవాణ్ణి. ఆ ముప్పై ఉంటేనే నాకు నిద్ర పట్టేది.

మా షూటర్లలో నాసర్ గట్టివాడు. చెయ్యి కదలదు, వేలికే తొందర. ట్రిగ్గర్‌ను అడ్డు తగిలేదాకా లాగి, అక్కణ్ణించి ఎప్పుడు పేలుతుందో తనకే తెలియనంత నెమ్మదిగా ఒత్తాలి. ఇతను గురి కుదరగానే గుంజేసేవాడు, గుండు ఎడమవైపు కిందికి పోయేది. గుండు వెయ్యకుండా తెల్లగోడకేసి రోజూ అరగంట సాధన చెయ్యమన్నాను. నవ్వేసి, తప్పు ట్రిగ్గర్‌ది, బరువు తగ్గించమన్నాడు. వారంపాటు "ప్లీజ్ ఉస్తాద్" అంటూ ఖర్జూరాలు తెచ్చాడు. మొహమాటపడి ముప్పై గ్రాములూ తీసేసి, ట్రిగ్గర్ సరిగ్గా ఉందని పిస్టల్ తనిఖీ కార్డు మీద సంతకం పెట్టాను. నిబంధనలోనే ఉంది, కానీ వెంట్రుకవాసి.

జట్టు ఎంపిక పోటీ రోజు ఉదయం తనిఖీలో నేనే మెల్లగా ఎత్తాను, పాసయింది. నాసర్ మూడో స్థానంలో వచ్చాడు. విదేశీ పోటీకి పంపేది ముగ్గురినే. అంతలో టార్గెట్లు మార్చే మల్లేశం పరుగున వచ్చాడు. కరీంనగర్ మనిషి, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో మా ఇద్దరిదీ ఒకే గది.

"అన్నా, మల్ల చెకింగ్ అట. చీటీల నాసర్ పేరే అచ్చింది."

చీటీ తీసి చేసే ఈ తనిఖీలో మా దగ్గర షూటరే రాయి ఎత్తాలి, ఆర్మరర్ ముట్టుకోకూడదు. మూడు అవకాశాలు. మూడూ పోతే అతని స్కోరు రద్దు. సంతకం నాది గనక నా ఉద్యోగానికీ నీళ్లొదులుకోవలసిందే.

నాసర్ ఒక్క గుంజు గుంజి ఎత్తాడు. ట్రిగ్గర్ టప్పున విడిపోయింది. రెండోసారీ అంతే. ఒళ్లు మండింది, అతని మీద కాదు, నా మీదే. అక్కడ నోరు విప్పకూడదు. అతను నా వంక చూశాడు. నేను ఎదురుగా ఉన్న తెల్లగోడ వంక చూశాను.

అతనికి అర్థమైంది. ఊపిరి వదిలి, నేను గోడ ముందు చెయ్యమన్నంత నెమ్మదిగా చెయ్యి పైకి తెచ్చాడు. రాయి లేచింది. ట్రిగ్గర్ విడిపోలేదు. తనిఖీ అధికారి తలూపి కార్డు మీద సంతకం చేశాడు.

ప్రాణం లేచొచ్చింది. "నీ మొకంల నెత్తురు సుక్క లేదన్నా, పా, చాయ్ తాగుదాం" అన్నాడు మల్లేశం. ఒకటికి రెండు కప్పులు తాగాను.

మర్నాడు నాసర్ పిస్టల్ నా బల్ల మీద పెట్టి, ఆ ముప్పై మళ్లీ ఎక్కించమన్నాడు. ఎక్కించాక తీసుకెళ్లి గోడ ముందు నిలబడ్డాడు.

మరలు తిప్పడం వస్తే చాలదు, కాదనడం కూడా రావాలని ఆ రోజు తెలుసుకున్నాను. తర్వాత కార్యదర్శే స్వయంగా అడిగినా ముప్పైలో ఒక్క గ్రాము తగ్గించలేదు. ఖర్జూరాలు మాత్రం తీసుకున్నాను.